రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కి ఐసీడీ కోడ్ ఎలా వేయాలి?

రాత్రి నడుం వాల్చగానే కాళ్ళు పీకుతాయి, లోపలేదో పాకుతున్నట్టు ఉంటుంది, లేచి నాలుగడుగులు వేస్తే హాయి, మళ్ళీ పడుకుంటే మళ్ళీ మొదలు. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ (ఆర్‌ఎల్‌ఎస్) పేషెంట్లు చెప్పేది ఇదే. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా పేషెంట్ల చార్టులు చదివి, జబ్బులకి ఐసీడీ అనే జబ్బుల జాబితాలోని కోడ్‌లు వేసే మనవాళ్ళ కోసం, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్ళ కోసం రాస్తున్నా.

ముందు డాక్టర్ ఏం రాశారో చూడండి. ఓపీ విజిట్‌లో "ప్రాబబుల్ ఆర్‌ఎల్‌ఎస్" అనో "రూలౌట్ ఆర్‌ఎల్‌ఎస్" అనో (అంటే ఉందో లేదో ఇంకా తేల్చాలి అని) ఉంటే ఆ కోడ్ వేయకూడదు, రాసిన లక్షణానికే వేయాలి, కుడికాలి నొప్పి అని ఉంటే ఎం79.604, ఎడమకాలికి ఎం79.605, రెండు కాళ్ళూ అంటే రెండు కోడ్‌లూ. ఇది గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే తొందరపడి వేశామంటే ఇంకా తేలని జబ్బు ఆ మనిషి రికార్డులో ఉండిపోతుంది.

డయాగ్నోసిస్ ఖాయంగా రాసుంటే జబ్బు పేర్లు అక్షరక్రమంలో ఉండే ఐసీడీ ఇండెక్స్‌లో సిండ్రోమ్ కింద రెస్ట్‌లెస్ లెగ్స్ వెతకండి, జి25.81 కనిపిస్తుంది. అక్కడితో ఆగొద్దు, కోడ్‌లు వరుసగా నోట్స్‌తో ఉండే ట్యాబ్యులర్ లిస్ట్ తెరిచి సరిచూసుకోవాలి. జి25.8 దగ్గరే ఆపేస్తే కోడ్ చెల్లదు, దాని కింద స్టిఫ్‌మ్యాన్ సిండ్రోమ్ జి25.82 లాంటివి కూడా ఉన్నాయి మరి. కుడి ఎడమ తేడా దీనికి లేదు.

నిద్రలో తెలియకుండా కాళ్ళు ఎగరేసే పీరియాడిక్ లింబ్ మూవ్‌మెంట్ డిజార్డర్ (పీఎల్‌ఎండీ) వేరే, అది జి47.61. రాత్రి పిక్కలు పట్టేయడం జి47.62. డాక్టర్ ఆర్‌ఎల్‌ఎస్‌తో పాటు పీఎల్‌ఎండీ కూడా రాస్తే రెండూ వేయొచ్చు, అక్కడున్నది ఎక్స్‌క్లూడ్స్2 (రెండూ ఉంటే రెండూ వేయొచ్చు) నోటే, ఎక్స్‌క్లూడ్స్1 (రెండూ కలిపి వేయకూడదు) కాదు.

పాత చార్టుల్లో 333.94 కనిపిస్తే అది ఐసీడీ-9 కోడ్, 2015 అక్టోబర్ 1 నుంచి అమెరికాలో ఐసీడీ-10-సీఎం వచ్చేసింది. ఐసీడీ-11లో అయితే 7ఎ80, నిద్ర జబ్బుల చాప్టర్‌లోకి మార్చారు, నా దృష్టిలో అదే దాని అసలు చోటు.

చివరగా ఐరన్ సంగతి. ఆర్‌ఎల్‌ఎస్‌కి ఐరన్ తక్కువ కావడం తెలిసిన కారణమే, ల్యాబ్ రిపోర్ట్‌లో ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) 9 అని కనిపించగానే ఐరన్ డెఫిషియెన్సీ అనీమియా కోడ్ డి50.9 వేసేయాలని చెయ్యి లాగుతుంది, కానీ నంబర్ చూసి జబ్బు పేరు పెట్టేది మనం కాదు. డాక్టర్ నోట్‌లో ఐరన్ డెఫిషియెన్సీ అనీమియా అని ఉంటేనే వేయండి, లేకపోతే డాక్టర్‌కి క్వెరీ పంపి జవాబు వచ్చేదాకా చార్ట్ హోల్డ్‌లో పెట్టండి.