కాస్టిక్ ద్రావణం: హైడ్రోమీటర్ అంకెకూ సబ్బుకూ పొంతన కుదరకపోతే

శ్రీకాకుళం జిల్లా కవిటిలో కొబ్బరినూనెతో సబ్బు చేస్తాం. నూనె మా ఉద్దానందే, దాంతో ఎప్పుడూ పేచీ లేదు. తేడా వచ్చిందంటే నూనెను సబ్బు చేసే కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) దగ్గరే. దాని ద్రావణం ఎంత చిక్కగా ఉందో, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచి చూస్తాం.

30 శాతం కలిపాం, హైడ్రోమీటర్ 1.25 చూపిస్తోంది

300 గ్రాముల కాస్టిక్ ఫ్లేక్స్ (రేకులు) తూచి లీటరు నీళ్లలో వేసి ఉంటారు. అది 1300లో 300, అంటే 23 శాతమే. 30 శాతం కావాలంటే 300 గ్రాములకు నీళ్లు 700 గ్రాములే. ఇప్పటికే కలిపేశారా? చల్లారాక ఇంకో 129 గ్రాములు కొద్దికొద్దిగా వేయండి, సరిపోతుంది. ఎప్పుడైనా ఫ్లేక్స్‌నే నీళ్లలో వేయాలి, ఫ్లేక్స్ మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె అసలు వద్దు.

20 డిగ్రీల దగ్గర సాంద్రతలు గోడ మీద రాసిపెట్టుకోండి: 10 శాతానికి 1.109, 20కి 1.219, 30కి 1.328, 40కి 1.430, 50కి 1.525. 10కీ 30కీ మధ్య ఒక్కో శాతానికి 0.011 చొప్పున లెక్కేస్తే చాలు.

రాత్రి 1.30, తెల్లారి 1.32

వేడి మీద చూశారు. కరిగేటప్పుడు కాస్టిక్ బాగా కాగుతుంది, ద్రావణం వ్యాకోచించి తేలికవుతుంది. చల్లారనివ్వండి. మన ఎండల్లో గది ఎటూ 20కి దిగదు కాబట్టి పైన ఉన్న ప్రతి 10 డిగ్రీలకూ సుమారు 0.006 కలిపి పట్టిక చూడండి.

అంకె సరిగ్గా ఉంది, సబ్బు మాత్రం జిడ్డుగా, మెత్తగా ఉంది

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. రెండు బ్యాచ్‌లు పోయాక బస్తా మూతి విప్పి చూశాను. పైన ఫ్లేక్స్ మెరుపు పోయి, సున్నం పూసినట్టు తెల్లగా పొడి కట్టాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కాస్టిక్ కాస్తా సోడియం కార్బొనేట్ అయింది. 10 శాతం కార్బొనేట్ ద్రావణం సాంద్రత 1.103. కాస్టిక్‌ది 1.109. హైడ్రోమీటర్ సాంద్రతనే చూస్తుంది, లోపల కరిగింది ఏదో దానికి తెలియదు. కార్బొనేట్ నూనెను సబ్బు చేయదు, అందుకే నూనె మిగిలిపోతుంది.

కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని ఆ తెల్లపొడి చిటికెడు వెనిగర్‌లో వేయండి. బుసబుసా పొంగితే కార్బొనేటే. అనుమానం ఉన్న బస్తాను ల్యాబ్‌లో టైట్రేషన్ (ఆమ్లాన్ని కొలిచి కలిపి చూసే పరీక్ష) చేయించి, అసలు కాస్టిక్ ఎంతుందో తెలుసుకున్నాకే వాడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పెద్ద బస్తా కొనడం నష్టమే. నేను చిన్న ప్యాకెట్లు తెచ్చి, విప్పగానే బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చేస్తున్నాను. తెల్లబడినవి సబ్బులోకి పోవు, గచ్చు కడగడానికి పక్కన పెడతాను.