స్పెసిఫిక్ గ్రావిటీతో బరువు, ఘనపరిమాణం లెక్కకట్టడం ఎలా?

టేపు, బకెట్, కాటా, క్యాలిక్యులేటర్ చాలు. ఒక వస్తువు అంతే ఘనపరిమాణమున్న నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకే స్పెసిఫిక్ గ్రావిటీ. స్టీలుకు 7.85, గ్రానైట్‌కు సుమారు 2.7.

కొలతలన్నీ ముందే మీటర్లలోకి మార్చండి. అడుగులు, మిల్లీమీటర్లు కలిపి గుణించకూడదు. పొడవు, వెడల్పు, మందం గుణించి, వచ్చిన ఘనపు మీటర్లను స్పెసిఫిక్ గ్రావిటీతో గుణిస్తే బరువు టన్నుల్లో వస్తుంది. 20 మి.మీ. గ్రానైట్ చదరపు అడుగుకు 5 కిలోలు. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున్న వంటగట్టు పలక 80 కిలోలు, ఇద్దరితో ఎత్తించకండి. స్టీలు కడ్డీలకు సైటులో వాడే ‘డి స్క్వేర్ బై 162’ (మిల్లీమీటర్లలో కడ్డీ వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు) కూడా ఈ 7.85 నుంచి పుట్టిందే. 12 మి.మీ. కడ్డీ మీటరుకు 0.89 కిలో.

లెక్క చెడేది ఇసుక దగ్గర. పుస్తకంలో 2.65 అని ఉంటుంది, కానీ అది రేణువుది, కుప్పది కాదు. కుప్పలో రేణువుల మధ్య ఖాళీలుంటాయి. 100 ఘనపుటడుగుల యూనిట్ అంటే 2.83 ఘనపు మీటర్లు. దాన్ని 2.65తో గుణిస్తే ఏడున్నర టన్నులు వస్తుంది. నిజంగా లారీలో ఉండేది నాలుగు, నాలుగున్నర టన్నులే.

అందుకే కుప్ప అంకె మీరే తీయండి. బకెట్ అంచుదాకా నీళ్లు నింపి తూచండి. అదే బకెట్లో ఇసుక నింపి, కర్రతో పైన చదును చేసి తూచండి. రెండింటిలోనూ ఖాళీ బకెట్ బరువు తీసేసి, ఇసుక బరువును నీటి బరువుతో భాగించండి. నీళ్లు 12, ఇసుక 18 కిలోలైతే 1.5. బకెట్ మీద అచ్చేసిన లీటర్లను నమ్మడం కంటే ఇదే మేలు.

ఇసుకను దట్టించకండి, లారీలో ఎవరూ దట్టించరు. పైన ఎండిన పొర వదిలి లోపలిది తీసుకోండి. కొద్దిపాటి తేమకే ఇసుక 20–30 శాతం దాకా ఉబ్బుతుంది. అదే బకెట్లో తక్కువ ఇసుక పడుతుంది కాబట్టి నిన్నటి అంకె వాన పడ్డాక పనికిరాదు, మళ్లీ తూచాల్సిందే.

బరువు నుంచి ఘనపరిమాణం కావాలంటే భాగించండి. 5 టన్నులను 1.5తో భాగిస్తే 3.33 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 118 ఘనపుటడుగులు.

ఇసుక రేణువు 2.65, సిమెంటు 3.15 అనే అంకెలు అవసరమయ్యేది కాంక్రీటు మిక్స్ డిజైన్‌లో, అంటే కాంక్రీటులో ఏది ఎంత కలపాలో తేల్చే లెక్కలో. అక్కడ ఖాళీలను నీళ్లు, సిమెంటు ముద్ద నింపుతాయి. సంచిలో దాదాపు 35 లీటర్లుండే 50 కిలోల సిమెంటు, కాంక్రీటులో ఆక్రమించేది 16 లీటర్లే.