చెన్నైలో జియాలజీ చదవబోయే తెలుగు విద్యార్థులకు

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి జియాలజీ చదవడానికి చెన్నై వచ్చేవారికి ప్రెసిడెన్సీ కళాశాలలోనూ, మద్రాసు విశ్వవిద్యాలయపు గిండీ ప్రాంగణంలోనూ, అన్నా విశ్వవిద్యాలయంలోనూ విభాగాలు ఉన్నాయి. ఎక్కడ చేరినా పుస్తకాల కంటే ముందు పది రెట్లు పెంచి చూపే చేతి లెన్సు ఒకటి కొనుక్కోండి. శిలలను, ఖనిజాలను గుర్తుపట్టడం మొదటి ఏడాదిలోనే అలవడకపోతే ఆ తర్వాతి పేపర్లన్నీ బట్టీ పట్టవలసి వస్తుంది.

గుర్తుపట్టేటప్పుడు ముందుగా కాఠిన్యం చూడాలి. మోస్ కొలతలో (ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే స్కేలు) గోరు సుమారు 2.5, చాకు మొన సుమారు 5.5 కాబట్టి, 3 దగ్గరుండే కాల్సైట్ మీద చాకుతో గీత పడుతుంది. ఫెల్డ్‌స్పార్ (6), క్వార్ట్జ్ (7) రెండూ చాకుకు లొంగవు. వాటిని విరిగిన తీరును బట్టి వేరుచేయాలి. రాయిని వెలుతురులో మెల్లగా తిప్పితే ఫెల్డ్‌స్పార్ చదునైన తలాలు ఒక్కసారిగా తళుక్కుమంటాయి, క్వార్ట్జ్ మాత్రం పగిలిన గాజులా వంపులు తిరిగి కనిపిస్తుంది. ప్రాక్టికల్ పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఆ సాధనకు పల్లావరం కొండలు చక్కగా సరిపోతాయి. చార్నొకైట్ అనే శిలకు మూలస్థానం, అంటే దాన్ని శాస్త్రీయంగా మొదట వర్ణించిన చోటు, ఇదే. కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి ఫలకం ఈ రాయిదే కావడంతో భూవిజ్ఞాని థామస్ హాలండ్ దానికి ఆ పేరు పెట్టాడు. ఎండకూ వానకూ గోధుమరంగుకు తిరిగిన పైపొరను చూసి నిర్ణయానికి రాకండి. తాజాగా విరిగిన ముఖంలోనే నూనె రాసినట్టుండే మెరుపు, నీలిఛాయ క్వార్ట్జ్ కనిపిస్తాయి. ఆ చోటు జాతీయ భూవైజ్ఞానిక స్మారకం కనుక అక్కడ సుత్తి వాడకూడదు. విశాఖ పరిసరాల్లోని తూర్పు కనుమల్లోనూ ఈ శిల ఉంది.

అదే శిల థిన్ సెక్షన్‌ను, అంటే 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన పలకను, కళాశాల మైక్రోస్కోపు కింద పెట్టి, స్టేజి తిప్పుతూ చూడండి. హైపర్‌స్థీన్ అనే ఖనిజం లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకు మారుతుంది; నికోల్స్ (కాంతిని ఒకే తలానికి పరిమితం చేసే పట్టకాలు) ఒకదానికొకటి అడ్డంగా పెట్టినప్పుడు ప్లేజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్‌లో నలుపు తెలుపు చారలు పడతాయి. చూసినదాన్ని ఫోటో తీయడంతో సరిపెట్టకుండా పెన్సిలుతో గీసుకోవాలని నా గట్టి సలహా. గీస్తున్నప్పుడే ఏ ఖనిజం దేన్ని ఆనుకొని పెరిగిందో గమనిస్తాం.

క్షేత్ర పర్యటనలో స్ట్రైక్ (రాతి పొర సాగే దిశ), డిప్ (పొర వాలిన కోణం) కొలతలు రాయి దగ్గర నిలబడే రాసుకోవాలి. హాస్టల్‌కు వచ్చాక గుర్తుచేసుకొని రాసినవి లెక్కలోకి రావు. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపించే ఎపార్కియన్ అసంగతిని, అంటే పొరల మధ్య ఎంతో కాలం ఖాళీ పడిన హద్దును, తప్పక చూడండి: కింద పురాతన గ్రానైటు, దానిమీద కడప శ్రేణి క్వార్ట్‌జైట్ పొరలు, రెంటి నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ల విరామం.

ఎమ్మెస్సీకి ఐఐటీల్లో చేరాలంటే జామ్ పరీక్షలో జియాలజీ పేపరు రాయాలి. జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు ఉద్యోగానికి యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. దానికి పీజీ పట్టా అవసరం కనుక డిగ్రీలో ఉండగానే ఆ సిలబస్ దగ్గర పెట్టుకొని చదవడం మేలు.