కలంకారీ దుప్పటి మీ పరుపు కొలతకి వేయించుకోవడం ఎలా

పోయినేడు ఆన్‌లైన్‌లో 'కలంకారీ' అని చూసి ఒక డబుల్ కాట్ దుప్పటి తెప్పించాను. విప్పి తిరగేస్తే వెనకంతా తెల్లగా ఉంది. అంటే కంప్యూటర్ ప్రింట్ అన్నమాట, ఎవరి బొమ్మో ఏమో. బాగా బాధేసింది. అప్పటి నుంచి నేరుగా బొమ్మ వేసేవాళ్లనే అడిగి చేయించుకుంటున్నాను.

ముందు ఏది కావాలో తేల్చుకోండి. పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు. రోజూ పడుకునే దుప్పటికి నేనైతే అద్దకమే చెప్తాను, ఎందుకంటే అది ఎన్నిసార్లు ఉతికినా మనసు పీకదు. కలంతో గీసినదాన్ని పగటిపూట మంచం మీద పరుచుకుని రాత్రి మడిచి పెట్టుకోండి. నిజానికి మన తీరం నుంచి 17, 18 శతాబ్దాల్లో యూరప్‌కి ఓడలెక్కిన పలంపోర్‌లు మంచం మీద పరిచే గుడ్డలే, పలంగ్‌పోష్ అన్న మాట నుంచే ఆ పేరు వచ్చింది. వాటి మీద మోజు ఎంత పెరిగిందంటే, అక్కడి నేతవాళ్ల గొడవ పడలేక 1686లో ఫ్రాన్స్ మన అద్దకం గుడ్డల్నే నిషేధించింది. నడుమ ఒక పెద్ద చెట్టు, కొమ్మకొమ్మకీ వేరే పువ్వు, ఇదీ వాటి తీరు. ఆ చెట్టు ఇప్పటికీ మంచానికి చక్కగా నప్పుతుంది.

కొలత మంచానిది కాదు, పరుపుది తీసుకోండి, మందంతో సహా. 72 బై 78 అంగుళాల పరుపు 6 అంగుళాల మందం ఉంటే, బజార్లో దొరికే 90 బై 108 దుప్పటి పక్కల మూడేసి అంగుళాలే కిందికి మడతపడుతుంది, రాత్రి రెండుసార్లు దొర్లితే ఊడిపోతుంది. వెడల్పు 100 అడగండి. నూలు గుడ్డ ఉతికాక కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి ఇంకో మూడు నాలుగు అంగుళాలు కలిపి చెప్పండి. గుడ్డ పన్నా చాలక అతుకు వేయాల్సి వస్తే మాత్రం అతుకు నడిమధ్యన రాకూడదు. నిండు పన్నా మధ్యలో ఉంచి, రెండు పక్కలా సన్నటి పట్టీలు వేయించండి, వీపుకి కుట్టు గుచ్చుకోదు.

బొమ్మ సంగతికొస్తే, ఇంకొకరి డిజైన్ ఫొటో పంపి 'అచ్చం ఇలాగే' అనకండి, దయచేసి. మీకు నచ్చే చెట్టో పిట్టో రంగులో చెప్పి మిగతాది వాళ్లకి వదిలేయండి, వాళ్ల చెయ్యి కోసమే కదా వెళ్లింది. శ్రీకాళహస్తి పని అయితే చింతపుల్లల బొగ్గుతో గీసిన దశలోనే ఒక ఫొటో అడగండి. బొగ్గు గీత దులిపితే పోతుంది, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నల్ల కసిం పడ్డాక ఇక మార్పు లేదు. ఓ మూల పేరు రాయమని కూడా అడగండి. అడ్వాన్స్ ఇచ్చాక బేరాలు వద్దు, తొందర అసలే వద్దు. రంగు రంగుకీ ఉతికి ఎండలో ఆరాలి, వానాకాలంలో ఇంకా ఆలస్యమవుతుంది.

వచ్చాక ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచుతారు కాబట్టి ఆ పచ్చి వాసన కొన్నాళ్లు ఉంటుంది, అదేం లోపం కాదు. అద్దకంలో అచ్చూ అచ్చూ కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనపడుతుంది, తిరగేస్తే రంగు వెనక్కి కొంతైనా దిగి ఉంటుంది.

మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో ఉప్పేసి నానబెట్టండి. తర్వాత నుంచి కుంకుడు రసం చాలు. బ్లీచ్, నిమ్మరసం దగ్గరికి రానివ్వొద్దు, ముఖ్యంగా ఆ నల్లగీతలకి. ఆరేసేది నీడలోనే.

చలికాలానికి బొంత కావాలంటే ఈ గుడ్డని ముందే రెండుసార్లు ఉతికేయండి, లేకపోతే కుట్టాక కుంచించుకుపోయి ముడతలొస్తాయి. కింద రెండు పాత నూలు చీరలు పరిచి, పైన దీన్ని వేసి, బొమ్మ గీతల వెంబడే సన్నగా చేత్తో కుట్టుకుంటూ పోవాలి. మిగిలిన ముక్కలు దిండు గలీబులకి సరిపోతాయి.