అందరూ ఒకే లెవెల్‌లో లేని రైటింగ్ వర్క్‌షాప్ నడపాలంటే

పెద్దవాళ్లకి రైటింగ్ వర్క్‌షాప్ పెడదామనుకుంటే ముందొచ్చే తలనొప్పి లెవెల్స్‌దే. ఒకరు స్కూల్ వదిలాక కథ అన్నదే రాసుండరు, పక్కన కూర్చున్నాయనవి ఇప్పటికే నాలుగు అచ్చయ్యుంటాయి. వేరే వేరే బ్యాచ్‌లు మాత్రం పెట్టకండి, కలిసుంటేనే బాగుంటుంది, కాకపోతే ఎక్సర్‌సైజ్ ఎవరి సత్తా కొద్దీ వాళ్లు చేసుకునేలా ఉండాలి.

వార్మప్‌కి ఫ్రీరైటింగ్. 10 నిమిషాలు పెన్ను ఆపకూడదు, కొట్టేయకూడదు, ఏం తోచకపోతే "ఏం తోచట్లేదు" అనే రాయాలి. ఇది ఎవరూ చదివి వినిపించక్కర్లేదని ముందే చెప్పేయండి. మీరూ కూర్చుని రాయండి, నిలబడి చూస్తుంటే పరీక్ష హాల్లా ఉంటుంది.

తర్వాత "ప్రేమ గురించి రాయండి" లాంటివి ఇచ్చారో, కొత్తవాళ్లు బిగుసుకుపోతారు, అలవాటున్నవాళ్లు పాత సరుకే దింపుతారు. చిన్నది ఇవ్వండి. ఇద్దరు ఒక తాళంచెవి వెతుకుతున్నారు, ఒకరికి అదెక్కడుందో తెలుసు, చెప్పట్లేదు. 'అబద్ధం', 'దాచడం' అనే మాటలు వాడకుండా 15 నిమిషాల్లో సీన్ రాయాలి. కొత్తవాళ్లు ఉత్త డైలాగులతో లాగించేస్తారు, అదీ చాలు. చెయ్యి తిరిగినవాళ్లని మాత్రం ఏమీ తెలియని మనిషి వైపు నుంచి చెప్పమనండి, చదివేవాళ్లకి అనుమానం ఎలా తెప్పించాలా అని వాళ్లే తంటాలు పడతారు.

అసలు గొడవంతా ఫీడ్‌బ్యాక్ దగ్గర. అమెరికాలో 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్ పేరుతో ముడిపడిన పాత పద్ధతిలో రాసినవాళ్లు నోరు మూసుకు కూర్చోవాలి, మిగతావాళ్లు మాట్లాడుకుంటారు. మొదటిసారి రాసినవాళ్లకి అది నరకమే. కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో తయారుచేసిన పద్ధతి నయం: ముందు విన్నవాళ్లు తమకి ఏది మనసులో నిలిచిందో చెప్తారు, తర్వాత రాసినవాళ్లే తమ డౌట్లు అడుగుతారు, ఆ తర్వాత విన్నవాళ్లు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలు వేస్తారు ("ఎండింగ్ ఎందుకంత వీక్‌గా ఉంది" అని కాదు, "ఎండింగ్‌లో మాకేం అనిపించాలనుకున్నారు" అని), ఆఖర్న "దీని మీద ఒక మాట చెప్పొచ్చా" అని అడిగి సరే అంటేనే అభిప్రాయం. వద్దంటే వదిలేయాలి, అంతే.

ఇంకోటి, పెద్దవాళ్లు ఎక్కువగా సొంత జీవితాలే రాస్తారు, విడాకులు, చావులు, అన్నీ వస్తాయి. అందుకే ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్లని "మీ ఆయన" అననివ్వకండి, "కథలో భర్త" అనిపించండి.

8 నుంచి 12 మంది చాలు, దాటితే చదివే టైం దొరకదు. ఎవరు చదివినా తనైతే ఎలా రాసేవాడో చెప్పే ఒకాయన ప్రతి గుంపులో ఉంటాడు, టైమర్ ఆయన చేతికివ్వండి.