ఇండ్ల వరుసలో అపార్ట్‌మెంటు వస్తోందని తెలిసినప్పుడు: అనంతపురం కాలనీవాసులు అభ్యంతరం రాయవలసిన తీరు

అనంతపురంలోని పాత కాలనీల్లో ఐదారు సెంట్ల స్థలాల్లో ఎవరికి వారు కట్టుకున్న ఇండ్ల మధ్య, ఒకరోజు రెండు మిద్దెలను జేసీబీతో కూల్చి, చుట్టూ రేకులు పాతి, బోరు బండిని తీసుకువచ్చినప్పుడు గానీ అక్కడ అపార్ట్‌మెంటు వస్తోందన్న సంగతి వీధిలోని వారికి తెలియదు. ఆ సమయానికి దరఖాస్తు పెట్టడం, కొన్నిసార్లు అనుమతి రావడం కూడా అయిపోయి ఉంటుంది. మా వీధిలోనూ అదే జరిగింది. అప్పుడు మేము రాసిన మొదటి అర్జీలో నలభై సంతకాలున్నాయి, కానీ కాలనీ ప్రశాంతత చెడిపోతుందన్న ఒక్క మాట తప్ప అందులో విషయమేమీ లేదు. నిబంధనల ప్రకారం పరిశీలిస్తామన్న ఒక వాక్యంతో ఆ అర్జీ ముగిసిపోయింది. రెండో అర్జీలో వీధి కొలతలు రాసిన తరువాతే అధికారులు టేపు పట్టుకుని స్థలానికి వచ్చారు. ఆ రెండు అర్జీల మధ్య మేము నేర్చుకున్న సంగతులను ఇతర కాలనీల వారికి ముందుగానే అందించాలని ఇది రాస్తున్నాను.

మొట్టమొదట తేల్చుకోవలసినది, జరుగుతున్నది భూవినియోగ మార్పా, లేక కేవలం భవన నిర్మాణ అనుమతా అన్నది. ఈ రెండూ వేరు వేరు ఫైళ్లు, వేరు వేరు గడువులు. మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నందువల్ల అక్కడి మాట ఒకటి ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. అక్కడ అనేక నగరాల్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇల్లు మాత్రమే కట్టుకోవలసిన ప్రత్యేక జోన్లు ఉన్నాయి కాబట్టి, అపార్ట్‌మెంటు కట్టాలంటే ముందుగా జోన్ మార్చాలి, దానికి బహిరంగ విచారణ జరగాలి, ఇరుగుపొరుగు వారు వెళ్లి మాట్లాడాలి. మన మాస్టర్ ప్లాన్లలో, అంటే ఏ నేలను దేనికి వాడాలో చూపే పట్టణ పటాల్లో, అటువంటి విభజన లేదు. నివాస జోన్ అంటే విడి ఇల్లూ నివాసమే, అపార్ట్‌మెంటూ నివాసమే. అందువల్ల నివాస జోన్‌లోని స్థలంలో అపార్ట్‌మెంటు కడుతుంటే జోన్ మార్చారని ఆరోపించడం వృథా; అక్కడ చూడవలసినవి రోడ్డు వెడల్పు, స్థల విస్తీర్ణం, నాలుగు వైపులా వదలవలసిన ఖాళీ, ఎత్తు. ఆ స్థలం మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ, పారిశ్రామిక, ప్రజోపయోగ స్థలంగానో పార్కుగానో ఉంటే మాత్రం భూవినియోగ మార్పు లేకుండా అక్కడ ఇటుక పేర్చడానికి వీల్లేదు.

సర్వే నంబరు తీసుకుని నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలోగానీ, అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ, అంటే అహుడా కార్యాలయంలోగానీ అడిగితే ఆ నేల మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగులో ఉందో తెలుస్తుంది. మార్పు ప్రతిపాదన ఉంటే ముసాయిదా నోటిఫికేషన్ వెలువడుతుంది, అభ్యంతరాలు, సూచనలు కోరుతారు, సాధారణంగా అందుకు ఇచ్చే వ్యవధి 15 రోజులు. ఆ పదిహేను రోజులే అసలు అవకాశం. నోటిఫికేషన్‌లో అభ్యంతరం ఎవరి పేరిట పంపమన్నారో వారి పేరిటే పంపాలి. మనకు తెలిసిన ఇంకొక అధికారికి ఇచ్చి, ఆయన పైకి పంపుతారని ఊరుకుంటే గడువు దాటిపోతుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు అందులో ఉంటాయి గనుక నాలుగు హద్దులనూ స్థలం దగ్గర నిలబడి సరిచూడండి. తూర్పున రోడ్డు అని రాసిన చోట నిజానికి వంక పోరంబోకు ఉన్నదన్న ఒక్క సంగతి, వంద సంతకాలకన్నా ఎక్కువ పని చేస్తుంది.

మీ కాలనీ ఆమోదిత లేఅవుట్ అయితే లేఅవుట్ పటం నకలు తప్పనిసరిగా సంపాదించండి. లేఅవుట్లలో పదో వంతు స్థలాన్ని ఉమ్మడి ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలి. అటువంటి స్థలం జోలికి ఎవరైనా వస్తే మీ వాదన అన్నిటికన్నా బలమైనది. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదని చెప్పడమే కాక, ఆ ప్రాంతంలో నివసించేవారికి దానిని ప్రశ్నించే హక్కు ఉందని కూడా స్పష్టం చేసింది.

ఇక నివాస జోన్‌లోనే భవన అనుమతి ఫైలు నడుస్తుంటే, దానికి పత్రికా ప్రకటన ఉండదు, అభ్యంతరాల గడువూ ఉండదు. సమాచారాన్ని మనమే వెదుక్కోవాలి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడిగితే దరఖాస్తు పెట్టారా లేదా అన్నది తెలుస్తుంది. ప్లాను నకలు కోసం సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వాలి. 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే మొదటి అప్పీలు చేయాలి. అందులో అపార్ట్‌మెంటు వివరాలన్నీ ఇవ్వండి అని రాయకండి. సైట్ ప్లాను, ఆమోదిత భవన ప్లాను, స్థల తనిఖీ నివేదిక, నిరభ్యంతర పత్రాలు అని ఒక్కొక్క కాగితం పేరు విడిగా రాయండి. స్థలం 500 చదరపు మీటర్లకు, అంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకుకు మించినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ఆ ప్రాజెక్టు 2016 నాటి స్థిరాస్తి చట్టం ప్రకారం రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో నమోదు కావాలి. ప్రాజెక్టు వివరాలు రెరా వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు కాబట్టి, కొన్నిసార్లు సమాచార హక్కు సమాధానం కన్నా ముందుగా అక్కడే పని అయిపోతుంది.

ప్లాను చేతికి వచ్చాక రోడ్డును కొలవండి. దీనికి ఒక ఉదయం కేటాయించండి. 2017లో జీవో 119 ద్వారా వచ్చిన రాష్ట్ర భవన నియమావళి, ఆ తరువాత దానికి జరిగిన సవరణలు భవనం ఎత్తును, వదలవలసిన ఖాళీలను రోడ్డు వెడల్పుతోనూ స్థల విస్తీర్ణంతోనూ ముడిపెట్టాయి కాబట్టి, రోడ్డు కొలత తప్పయితే దాని మీద ఆధారపడిన అంతస్తుల లెక్క కూడా తప్పే అవుతుంది. ప్లానులో కొలతలు మీటర్లలో ఉంటాయి, మన నోటిలో అడుగులు ఉంటాయి. పన్నెండు మీటర్లంటే దాదాపు నలభై అడుగులు, తొమ్మిది మీటర్లంటే ముప్పై అడుగులకు కొంచెం తక్కువ. మేము స్టీలు టేపు పట్టుకుని వీధిని మూడు చోట్ల కొలిచాము. ఉత్తరం కొనలో 8.20 మీటర్లు, దక్షిణం కొనలో 8.35 మీటర్లు వచ్చింది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర 6.90 మీటర్లే ఉంది. దరఖాస్తుతో జతచేసిన సైట్ ప్లానులో అదే వీధిని పన్నెండు మీటర్ల రోడ్డుగా గీశారు. ప్రతి కొలత దగ్గరా టేపు అంకె కనిపించేలా ఫోటో తీసి, ఆ ఫోటోలనే అర్జీకి జతచేశాము.

ఈ పనిలో మేము తలదించుకోవలసిన సంగతి కూడా బయటపడింది. వీధి అసలు వెడల్పులో కొంత భాగం మా ఇండ్ల మెట్లు, బండ్లు ఎక్కించుకునే ర్యాంపులు, కాంపౌండు గోడ బయట కట్టుకున్న పూలతొట్ల కింద పోయింది. అవతలి పక్షం మొదట ఎత్తిచూపేది దీనినే. అందువల్ల గోడ నుంచి గోడకు ఒక కొలత, రాకపోకలకు మిగిలిన దారికి ఇంకొక కొలత విడివిడిగా రాయండి, వీలైతే అర్జీ ఇచ్చే ముందే మీ ర్యాంపులను వెనక్కి జరుపుకోండి. మా వీధిలో ఆరు ఇండ్లవారు అలా చేశారు. ఆ తరువాత మా మాటకు విలువ పెరిగిన సంగతి స్పష్టంగా తెలిసింది.

మన ప్రాంతంలో రోడ్డు తరువాత రాయవలసినది నీళ్ల గురించే. పెన్నా నీళ్లు పైపుల్లో వచ్చినా, వేసవిలో ఇంటి బోరే దిక్కయ్యే వీధులు అనంతపురంలో ఎన్నో ఉన్నాయి. నీటికి కటకట అని రాసి వదిలేయకుండా లెక్క కట్టి చూపండి. ఇరవై ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, పట్టణ నీటి సరఫరా ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే, ఒక్క భవనానికి రోజుకు 10,800 లీటర్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు ప్రతిరోజూ వచ్చినా ఇంకా కొంచెం తక్కువే పడతాయి. ఆ నీళ్లు కుళాయి కనెక్షన్ నుంచా, కొత్త బోరు నుంచా, ట్యాంకర్ నుంచా అన్నది దరఖాస్తులో చూపించారా అని అడగండి. కొత్త బోరు అయితే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అని పిలిచే చట్టం కింద అనుమతి ఉందా అని అడగండి. వాన నీటిని ఇంకించే గుంత ప్లానులో ఎక్కడుందో చూడండి. సెప్టిక్ ట్యాంకుకు రాసిన చోటే ఇంకుడు గుంతనూ గీసిన ప్లాను నేను కళ్లారా చూశాను.

మురుగు కాలువ, వాన నీటి దారి కూడా అంతే ముఖ్యం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్లు వచ్చిన రోజులను అనంతపురం వారెవరూ మరిచిపోలేదు. 2009లో కర్నూలుకు తుంగభద్ర, హంద్రీలతోనూ, 2001లో కడపకు బుగ్గవంకతోనూ అదే అనుభవం. వంకకు దగ్గరగా ఉన్న కాలనీ అయితే, వరద రోజున నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీది మరకను కొలిచి, తేదీతో ఫోటోలుంటే జతచేసి, సెల్లారు తవ్వితే ఆ నీళ్లు ఎటు పోతాయన్న ప్రశ్నను అర్జీలో ప్రత్యేకంగా పెట్టండి.

రాయకూడనివి కూడా చెప్పాలి. అద్దెకు వచ్చేవారు ఎటువంటివారో, ఏ కులమో, ఏ మతమో, పెళ్లికాని పిల్లలకు ఫ్లాట్లు ఇస్తారేమో అన్న మాటలు అర్జీలో ఒక్కటి కూడా ఉండకూడదు, సంతకాలకు తిరిగేటప్పుడు నోటితో కూడా అనకూడదు. అవి తప్పు మాటలు. అంతేకాక నిజమైన అభ్యంతరాలను కూడా అవి పలుచన చేస్తాయి. ఆరు సెంట్ల స్థలం కొనే స్తోమత అందరికీ లేదు, ఊరు పెరుగుతున్నప్పుడు ఫ్లాట్లు రావలసిందే. మనం అడగవలసినది రోడ్డుకు, నీటికి, కాలువకు తగినంత భవనం మాత్రమే. ఇంటి ధర పడిపోతుందన్న వాదన కూడా నియమావళిలో ఎక్కడా పనికిరాదు గనుక దాన్ని వదిలేయండి.

అర్జీ రెండు పేజీలు దాటకుండా, ఒక్కో అభ్యంతరం ఒక్కో పేరాగా ఉంటే చాలు. ప్రతి పేరాలో ప్లాను ఏమంటున్నది, స్థలంలో ఏమున్నది, మేము కోరేది ఏమిటి అన్న మూడూ వరుసగా రావాలి. మా రెండో అర్జీలోని ఒక పేరా ఇలా ఉంది:

“దరఖాస్తుదారు సమర్పించిన సైట్ ప్లానులో పడమటి రోడ్డు వెడల్పును 12 మీటర్లుగా చూపినారు. మేము కొలిచినప్పుడు అదే రోడ్డు మూడు చోట్ల 8.20, 6.90, 8.35 మీటర్లు మాత్రమే ఉన్నది (ఫోటోలు 1 నుంచి 3). కావున మా సమక్షంలో రోడ్డును తిరిగి కొలిపించి, వాస్తవ వెడల్పుకు నియమావళి అనుమతించే ఎత్తు మేరకే అనుమతిని పరిమితం చేయవలసిందిగా కోరుచున్నాము.”

భవనం వద్దు అని ఇందులో ఎక్కడా లేదు. అధికారి చేయగలిగిన పనినే అడగాలి. సంతకాల పక్కన ఇంటి నంబరు, స్థలానికి ఎంత దూరమో రాయించండి. గోడను ఆనుకుని ఉన్న నాలుగిండ్ల వారు విడిగా తమ పేరిట కూడా అర్జీలు ఇవ్వడం మంచిది. ఒక ప్రతిని నగరపాలక సంస్థ కమిషనరుకు ఇచ్చి రెండో ప్రతి మీద స్వీకరణ ముద్ర, తేదీ వేయించుకోండి. ఇంకొకటి స్పీడ్ పోస్టులో పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే అర్జీ నంబరు వస్తుంది. ముద్ర లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం.

గోడను ఆనుకుని ఉన్న ఇండ్లవారు ఇంకొక పని చేయాలి. సెల్లారు తవ్వకం మొదలు కాకముందే ఇంట్లోని ప్రతి గోడనూ, పైకప్పునూ, సంపునూ ఆ రోజు దినపత్రికను పక్కన పెట్టి ఫోటోలు తీయండి, ఇప్పటికే పగుళ్లున్న చోట పెన్సిలుతో గీతగీసి తేదీ వేయండి. తరువాత పగులు పెరిగితే అది పాతదా కొత్తదా అన్న వాదనకు అదొక్కటే జవాబు.

కోర్టుకు వెళ్లవలసి వస్తే ఆలస్యం చేయకూడదు. పునాది స్థాయిలో రిట్ పిటిషన్ వేయడానికీ, మూడో శ్లాబు పడ్డాక వేయడానికీ చాలా తేడా ఉంటుంది. ఉడుపిలో నివాస ప్రాంతంలో పట్టణ ప్రణాళికకు విరుద్ధంగా సినిమా హాలుకు ఇచ్చిన అనుమతి విషయంలో సుప్రీంకోర్టు 1974లోనే చుట్టుపక్కల నివసించేవారికి ప్రశ్నించే హక్కు ఉందని తేల్చింది. చండీగఢ్‌లో విడి ఇండ్లను అపార్ట్‌మెంట్లుగా మార్చడాన్ని అదే కోర్టు 2023 జనవరిలో ఆ నగరంలో మొదటి దశలో నిర్మించిన సెక్టార్లలో నిలిపివేసింది, కానీ ఆ తీర్పుకు ఆ నగరపు వారసత్వ హోదా ప్రధాన ఆధారం గనుక దానిని మన కాలనీలకు యథాతథంగా వర్తింపజేయమని అడిగితే నిలవదు.

అనుమతి నిలిచి కట్టడం సాగినా ఫైలు మూసేయకండి. 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, కట్టడం జరుగుతున్నంతకాలం ఆమోదిత ప్లానును స్థలంలో అందరికీ కనిపించేలా ఉంచాలని, భవనం ప్లాను ప్రకారం ఉన్నదని ధ్రువపత్రం వచ్చాకే ఫ్లాట్లు అప్పగించి, కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని ఆదేశించింది. ఆ ప్లాను బోర్డు కనిపించకపోతే లేదని రాసి అర్జీ ఇవ్వండి, కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి. అతిక్రమణలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే బీపీఎస్ పథకాలు 2015లోనూ 2019లోనూ వచ్చాయి, కాబట్టి భవనం పూర్తయ్యాక చూద్దామనుకోవద్దు. ప్రతి శ్లాబు పడిన వారంలోపు మీ గోడకూ ఆ భవనానికీ మధ్య ఖాళీని కొలిచి, ప్లానులోని అంకెతో పోల్చి, తగ్గితే ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేసి, స్వీకరణ ముద్ర వేయించిన ప్రతిని ఫైలులో చేర్చండి.