సైకిల్‌కి రాక్, బుట్ట, బ్యాగ్ కొనేముందు ఇవి చూస్కోండి

రోజూ సైకిల్ మీదే ఆఫీసుకెళ్దామనుకునేవాళ్ళకి:

- వేలాడే పట్టీలు, హుక్కుల తాళ్ళు: అన్నిటికన్నా ముందు ఇదే. ఒక్క కొస చువ్వల్లోకి పోయిందంటే చక్రం టక్కున పట్టేస్తుంది, అదే ముందు చక్రమైతే హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాం. బ్యాగ్ తగిలించాక మిగిలిన కొసలన్నీ లోపలికి దోపేయండి.

- వెనక ఇరుసు దగ్గర ఫ్రేమ్‌కి రాక్ (సామాను పెట్టుకునే క్యారియర్) బోల్టు పట్టే, లోపల మరలున్న రంధ్రాలున్నాయా? మామూలుగా ఎం5 (5 మి.మీ. మందం) బోల్టు పడుతుంది. లేకపోతే సీటు రాడ్‌కి బిగించే రాకులు ఉంటాయి గానీ అవి తక్కువ బరువే మోస్తాయి, పైగా కుదుపులకి పక్కకి తిరిగిపోతుంటాయి, కార్బన్ ఫైబర్ రాడ్ అయితే ఆ ఊసే వద్దు.

- మడమ తగులుతుందా: సైడ్ బ్యాగ్ తగిలించి, సీటు మీద కూర్చుని పెడల్ వెనక్కి తిప్పి చూడండి. చిన్న ఫ్రేమ్, పెద్ద పాదాలు అయితే తగిలే ఛాన్స్ ఎక్కువ, బ్యాగ్‌ని కాస్త వెనక్కి జరిపితే చాలాసార్లు సరిపోద్ది.

- రాక్ మీద అచ్చేసిన లిమిట్ (చాలావాటికి 25 కిలోలు) ఖాళీ బ్యాగ్ బరువుతో కలిపి.

- ముందు బుట్టలో తేలికవే. బరువు పెడితే హ్యాండిల్ లాగేస్తుంది, ఆగినప్పుడు ముందు చక్రం గిర్రున తిరిగి సైకిల్ పడిపోద్ది. బ్రేక్ కేబుల్ నలుగుతోందేమో కూడా చూడండి.

- వెనక లైటు బ్యాగ్ చాటుకి పోతే రాక్ చివరికి మార్చండి.